పావు చుట్టు

గవర్నర్‌పేటలో మూడో అంతస్తు మెట్లెక్కి
నాలుగున్నర వేలకి తెగ్గొట్టి తెచ్చుకున్న బేస్ గిటారు.
ఎర్ర రంగు. కింది అంచున పెచ్చు లేచి
లోపలి చెక్క కనిపిస్తోంది, అరటి బోదె రంగులో.
కొట్టువాడు అబద్ధమేం చెప్పలేదు:
"దీన్ని వాయించడమంటే బావిలోంచి చేద తోడ్డమే తమ్ముడూ."

పన్నెండో మెట్టు దగ్గర తీగ కింద
రెండు అయిదు రూపాయల బిళ్ళలు
ఒకదానిమీదొకటి పెట్టినా ఇంకా సందుంది.
ఆ సందులోనే మూడు నెలలు నా చూపుడువేలు అరిగింది.
కృష్ణలంకలో ఆదివారం ఆరాధన,
రెండో పాటకే వేలి కొసన బొబ్బ చితికింది.
పాస్టరమ్మ నా మొహం చూసి
పరవశంలో ఉన్నాననుకుంది.

ఇంతలో రోహిణి కార్తె.
బెజవాడలో రోళ్ళే పగులుతాయి,
ఎక్కణ్ణించో ఓడెక్కి వచ్చిన చెక్క ఒక లెక్కా?
మెడ ముందుకి వంగింది,
తీగలు ఇంకాస్త పైకి పోయాయి.

నూజివీడు లారీ డ్రైవరు ఒకాయన,
వాళ్ళ బావమరిది వీణలు చేస్తాడట,
బీడీ ఆర్పి తాపీగా చెప్పాడు:
"వీణకి మెట్లు మైనంలో కూర్చుంటాయి,
వేడిచేసి జరుపుకుంటారు.
దీనికి చెక్కలోకి దిగ్గొట్టేశారు.
ఇక జరగాల్సింది తీగే."

అందుకే ఈ రాత్రి ఆటోనగర్లో
షట్టరు సగం దించి,
బల్ల మీద గోనెపట్టా పరిచి దాన్ని పడుకోబెట్టాను.
పక్కన మూత తీసిన ఆరు సిలిండర్ల ఇంజను.
రెండింటికీ ఒకటే ఫీలర్ గేజి,
రేకులు విప్పితే చేతిలో పేకముక్కల్లా.

అలెన్ కీ. మెడ లోపలి చువ్వకి పావు చుట్టు.
ఎక్కువ తిప్పావా ఇక గిటారు లేనట్టేనని
తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ భయపెట్టారు.
ఊపిరి బిగబట్టి, పావే.
లోపలెక్కడో కిర్రుమంది.
మళ్ళీ శ్రుతి. మళ్ళీ ఒక కన్ను మూసి
వంకర పుష్‌రాడ్‌ని చూసినట్టు చివరిదాకా చూపు.

తర్వాత బ్రిడ్జి మీది బుల్లి మరలు.
తుప్పు. ఒక చుక్క డీజిలు. కాసేపు ఆగడం.
దించాను. ఇంకా దించాను.
వెన్నలా ఉందిరా అనుకునేలోపు
తీగ మెట్లకి తగిలి
డబ్బాలో కందిరీగ ఇరుక్కున్నట్టు జుర్రుమంది.

షుకూర్ మేస్త్రి టీ గ్లాసు పక్కన పెట్టి లేచాడు.
ఆయనకి పాటలంటే గిట్టదు.
ఇంజనుకి ఆన్చినట్టే
స్క్రూడ్రైవరు కొన గిటారు ఒంటికీ
పిడి తన చెవికీ ఆన్చుకుని
"కొట్టు" అన్నాడు.

కొట్టాను. కళ్ళు మూసుకున్నాడు.
మహానాడు రోడ్డు మీద ఖాళీ ట్రాలీ ఒకటి
దడదడమంటూ పోయింది, అది పోయేదాకా ఆగాడు.
"సందు చంపేశావు.
టాపెట్టు టిక్కుటిక్కుమంటున్నంతసేపూ బండికి ఢోకా లేదు.
నోరు మూసేసిందనుకో, లోపల వాల్వు కాలుతున్నట్టు.
కొంచెం అననీ."

మరలు వెనక్కి, పావు, మళ్ళీ పావు.
లావు తీగకి చోటు ఎక్కువ, అది ఊగే మనిషి.
సన్నదానికి తక్కువ చాలు.
ఇప్పుడు ఒక బిళ్ళ దూరుతుంది,
రెండోది తీగ దగ్గరే ఆగిపోతుంది.

మూడో తీగ ఏడో మెట్టు మాత్రం
ఏం చేసినా జిర్రుమంటూనే ఉంది.
అదే స్వరం పక్క తీగ మీద రెండో మెట్టులో దొరుకుతుంది గానీ
గొంతు వేరు, అక్కడ మరీ బుద్ధిమంతురాలు.
తెల్లారుజామున రెండున్నరకి
ఇద్దరం దాని జోలికి పోవడం మానేశాం.

ఆదివారం నాలుగు పాటలూ అయ్యాయి.
వేలు చూసుకున్నాను, తడి లేదు.
బయట చెప్పులు వెతుక్కుంటుంటే
పాస్టరమ్మ దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది:
"ఏం బాబూ, ఈ వారం మొహంలో ఆ వెలుగు లేదే,
ఒంట్లో బాగోలేదా?
ప్రార్థన చెయ్యనా?"